మేస్త్రి మింగిన మాత్ర

దర్జీ బాబాయ్ కుక్క బొత్తం ఇంకా బతికే ఉంది. కిందటి వారం కథ ఆ అనుమానం దగ్గరే ఆగింది కాబట్టి ముందుగా ఆ మాట చెప్పేయడమే న్యాయం.

బతికి ఉందంటే ఉంది, అంతే. దర్జీ బాబాయ్ కత్తిరింపు ముక్కలు అతికించి కుట్టిన జోలెలో ముడుచుకుని, తల ఒక్కటి బయట పెట్టి, ఎవరు పలకరించినా కళ్లు మాత్రం కదిపేది. ఏదో వీధి కుక్క తొడ పట్టి పీకితే పుండు మానడానికి దానికి గట్టి మందులు పడ్డాయి. పుండు మానింది, కడుపు పోయింది. తిన్నది తిన్నట్టే నీళ్లయిపోవడం మొదలై నెల దాటింది. పశువుల డాక్టరు వదిన తేలిక తిండి రాసింది, ప్రోబయోటిక్ పొడి రాసింది. కడుపు నాలుగు రోజులు కుదురుకున్నట్టే ఉండి మళ్లీ మొదటికి వచ్చింది.

"పుండు మందు ఉంది చూశారూ, కలుపు తీయమంటే పైరు కూడా పీకేసే కూలీలాంటిది," అని వదిన దర్జీ బాబాయ్‌కి చెప్పింది. "కడుపులో ఉండాల్సిన మంచి క్రిముల్ని కూడా పీకేసింది. పొడి రూపంలో మనం గుప్పెడు విత్తనాలు చల్లి చూశాం. పట్టలేదు. ఇంక పచ్చగా ఉన్న చేలోంచి మట్టితో సహా నారు తెచ్చి నాటాలి."

నారు అంటే మరేమీ కాదు, ఆరోగ్యంగా ఉన్న ఇంకో కుక్క మలం. దాన్ని సెలైన్‌లో కలిపి, వడగట్టి, గొట్టంతో జబ్బు కుక్క పేగులోకి ఎక్కిస్తారు. వినడానికి రోతగా ఉన్నా అందులో కోట్ల కొద్దీ మంచి క్రిములు ఉంటాయని, అవి వెళ్లి అక్కడ కాపురం పెడితే కడుపు నిలబడుతుందని ఆశ. దానం చేసేది వదిన ఇంటి కుక్కే, పేరు మేస్త్రి. మొదటిసారి ఎక్కించారు. బొత్తానికి తగ్గలేదు సరికదా, ఉన్న కాస్త ఓపికా పోయింది. ఇవాళ రెండోసారి.

"ఇది కూడా పట్టకపోతే ఇంక దాన్ని కష్టపెట్టొద్దు డాక్టరమ్మా," అని దర్జీ బాబాయ్ ముందే చెప్పి వెళ్లాడు. ఎవరి ముఖమూ చూడకుండా, మెడలో వేలాడే కొలతల టేపుని వేలికి చుట్టుకుంటూ చెప్పాడు. ఆ టేపు చుట్టుకునే తీరే పక్కనే నిలబడి ఉన్న అమ్మాయికి, చీమకి, రాత్రంతా కళ్లలో మెదిలింది.

* * *

చీమ ఆ ఇంటి ఆడపడుచు. ఎప్పుడు చూసినా ఏదో ఒకటి మోసుకుంటూ గోడవారగా పోతుందని, నోరు మెదపదని, ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు ఊళ్లోకి కూడా పాకింది. కింద క్లినిక్కు, పైన కాపురం. అన్నయ్య లారీతో పోతే వారానికోసారి మొహం చూపిస్తాడు. అందుకని క్లినిక్కు బరువంతా వదిన తల మీద, వదిన బరువు సగం చీమ వీపు మీద ఉంటాయి. వంటా, దండెం మీది బట్టలూ, మేస్త్రి మంచీ చెడూ అమ్మవి.

పొద్దున్నే చీమ పెరట్లో చిన్న చేటా, మూత డబ్బా పట్టుకుని మేస్త్రి వెనకాల నడుస్తోంది. మేస్త్రిది తీరిక నడక. ఎవరు పని చేస్తున్నా ఎదురుగా కూర్చుని ఆరా తీస్తాడు కానీ తను గడ్డిపోచ కదపడు. ఆ పేరు అందుకే వచ్చింది. మామిడి మొక్క దగ్గర వాసన చూశాడు, బావి గట్టు దగ్గర చూశాడు, చీమ ఓపిక చూశాడు.

"తొందరగా కానియ్యిరా బాబూ," అంది చీమ. "నీ మీద ఒక ప్రాణం ఆధారపడి ఉంది."

చివరికి గోడ మూల కూర్చున్నాడు. చీమ చేటతో వంగి, అలాగే ఆగిపోయింది. ఎప్పుడూ గట్టిగా, ఎత్తితే ఊడొచ్చేటట్టు ఉండేది ఇవాళ మెత్తగా, నేలకి అంటుకుని ఉంది. రంగు కూడా వెలిసినట్టుంది. రోజూ చూసే కళ్లు కాబట్టి ఇట్టే తెలిసిపోయింది. ఎండలో వేరేలా కనిపిస్తుందేమోనని ఇంకోవైపు నుంచి కూడా చూసింది. అదే మెత్తన.

అప్పుడే అమ్మ తడి బట్టల బకెట్టుతో వెనక మెట్లు దిగింది. మేస్త్రి చెవులు లేచాయి. తన జన్మలో ఎరగని తొందరతో వెళ్లి అమ్మ కాళ్ల ముందు చతికిలబడ్డాడు. మెడ పైకెత్తి, పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చున్నవాడిలా నోరు బార్లా తెరిచి ఉంచాడు.

అమ్మ కంగారుగా అటూ ఇటూ చూసింది. బావి చాటున ఉన్న చీమ ఆమెకు కనపడలేదు.

"అయిపోయాయిరా నాయనా. ఇంకెక్కణ్ణించి తేను? నోరు మూసుకో, ఎవరైనా చూస్తారు," అంది గుసగుసగా.

చీమ చేట కింద పెట్టింది. "ఏవి అయిపోయాయమ్మా?"

అమ్మ చేతిలో బకెట్టు ఠక్కున నేల మీద దిగింది. "ఓసి నీ దుంపతెగ! పిల్లిలా వస్తావేమే! ఏముందీ, కాస్త వెన్న పెడుతున్నా వాడికి. గోరంత."

"వీడికి బయటి తిండి ఏదీ పెట్టొద్దని వదిన చెప్పింది కదా."

"గోరంత అన్నాగా!"

"వెన్న తినే కుక్క నాలుక చాపుతుంది," అంది చీమ. గొంతు పెంచలేదు. "మెడ ఇలా పైకెత్తి నోరు తెరిచేది మాత్ర మింగడం అలవాటైన కుక్కే. ఆ వెన్నలో ఏం పెట్టావమ్మా?"

రోజుకి ఎన్ని కుక్కల నోళ్లు తెరిచి మాత్రలు వేసే చెయ్యి చీమది! దాని ముందు అబద్ధం నిలవదని అమ్మకి తెలుసు. ఒక చీర తీసి పిండింది. పిండిందే మళ్లీ పిండింది.

"వేళ్ల మధ్య ఏదో గుచ్చుకుందే వాడికి. కాలు ఇంత లావున వాచింది. నా పంటి వాపుకి ఇచ్చిన మాత్రలు మిగిలి ఉన్నాయిగా, మిగిలినవి పారేయడం ఎందుకని సగం సగం చేసి వెన్నలో పెట్టా. నాకు తగ్గింది, వాడికి తగ్గదా? ఇదిగో చూడు, వాపు లేదు, గీపు లేదు."

చీమకి మాత్రల పేరు అడగాల్సిన పని లేదు. ఆ రేకు తనే తెచ్చింది అమ్మకి. మంచీ చెడూ చూడకుండా పీకేసే ఆ కూలీయే మేస్త్రి కడుపులోకి కూడా దిగాడన్నమాట.

"ఎప్పట్నించి వేస్తున్నావ్?"

అమ్మ బకెట్టులోంచి ఇంకో చీర తీసింది.

"అమ్మా."

"బొత్తానికి ఎక్కించారు చూడూ... దానికి ముందు రోజు నుంచి."

చీమ బట్టలు ఉతికే రాయి మీద కూర్చుండిపోయింది. ఒంట్లో ఎముకలన్నీ ఎవరో విప్పి పక్కన పెట్టినట్టుంది. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఏడవడానికైనా కోప్పడటానికైనా కొంచెం ఓపిక కావాలి.

"వదినకి చెప్పొచ్చుగా," అంది ఎప్పటికో.

"చెబుదామనే వెళ్లానే తల్లీ. కుర్చీలోనే నిద్రపోతోంది. కాలికి చెప్పులు కూడా విప్పలేదు. చేతిలో పెన్ను అట్లాగే ఉంది. కుక్క కాలు వాచిందని ఆ పిల్లని లేపడానికి నాకు చేతులు రాలేదు."

"పోనీ నాకు చెప్పొచ్చుగా."

"నువ్వు మాత్రం? పొయ్యి దగ్గర నిలబడి అన్నం తింటూ కునుకు తీస్తున్నావు. ముద్ద నోట్లోనే ఉంది." అమ్మ చీర దులిపి దండెం మీద వేసింది. "అందరూ అలిసిపోయి ఉన్నారు. నా చేతనైంది నేను చేద్దామనుకున్నా. అదీ తప్పే అయింది."

మేస్త్రి నోరు మూసి, ఇద్దరి మధ్యా కూర్చుని ఒకరి తర్వాత ఒకరిని చూస్తున్నాడు, ఎవరి పని ఎంతవరకు వచ్చిందో కనుక్కుంటున్నట్టు.

ముందు గది గంట మోగింది.

* * *

వచ్చింది పోస్టాఫీసు ఆవిడ. కూరగాయల బుట్టలో పిల్లి, పిల్లి మీద తువ్వాలు, తువ్వాలు మీద ఆవిడ చెయ్యి.

"రెండు రోజుల్నించీ కడుపు బాగాలేదమ్మాయ్ దీనికి. డాక్టరమ్మని లేపకు, పాపం. నాకో చిన్న అనుమానం, అంతే." సంచిలోంచి కుక్క బొమ్మ ఉన్న ప్యాకెట్టు తీసింది. "పక్కింటివాళ్ల కుక్కకి వాడగా మిగిలిందిట, ఈ పొడి. మంచి క్రిములేవో ఉంటాయటగా. మిగిలింది పారేయడం ఎందుకని..."

"మిగిలిందని పెట్టేయకండి!"

పిల్లి తువ్వాలు కిందికి దూరింది. పోస్టాఫీసు ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. చీమ నోట్లోంచి అంత శబ్దం రావడం ఆ ఊళ్లో అదే మొదలు.

చీమే ముందు తేరుకుంది. "తప్పుగా అనుకోకండి. పిల్లికి పిల్లి కోసం చేసిన పొడే మేలండీ. ఇది తెరిచి ఎన్నాళ్లయిందో, ఎండలో పెట్టారో ఏమో. అందులో ఉన్నవి బతికుంటేనే కదా పనిచేసేది." అలవాటైన మాటలు వాటంతటవే వస్తున్నాయి. "వేరే ప్యాకెట్టు ఇస్తాను. చల్లారిన తిండిలోనే కలపండి. వేడి తగిలితే చచ్చిపోతాయి. కొత్త తిండి ఏదైనా ఉంటే ఆపేసి పాతదే కొంచెం కొంచెం పెట్టండి. నీళ్లు బాగా తాగనివ్వండి. తిండి మానేసినా, రక్తం కనిపించినా మాత్రం ఈ పొడి నమ్ముకుని కూర్చోకండి, వెంటనే తీసుకురండి."

"ఇంతోటి దానికి పెరుగు పెడితే చాలదా?"

"చాలా పిల్లులకి పాలూ పెరుగూ పడవండీ."

"మా పిల్లికి పడకపోవడమా! పెరుగు గిన్నె నాకంటే ముందు అదే నాకేస్తుంది."

"అందుకే ఇవాళ ఇక్కడికొచ్చిందేమో," అంది చీమ. ఆ మాట తనే అన్నదా అని తనకే ఆశ్చర్యం వేసింది.

ఆవిడ నవ్వి, ప్యాకెట్టు తీసుకుని, గుమ్మం దగ్గర ఆగింది. "నీకేమైనా నలతగా ఉందా అమ్మాయ్? ముఖం పీక్కుపోయింది. ఆ పొడేదో నువ్వూ కాస్త వాడు."

* * *

వెనక్కి వచ్చేసరికి వదిన లేచి మెట్ల మీద కూర్చుని ఉంది. నిన్నటి బట్టలే. ఒక పిల్లి కాన్పు కష్టమై తెల్లవారేదాకా నిలబడి, ఇంకా సరిగ్గా కన్ను మూయలేదు. ఎదురుగా అమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరి ముఖాలూ చూడగానే చీమకి అర్థమైంది, తను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదని. అమ్మే చెప్పేసింది.

వదిన మేస్త్రిని పిలిచి, కాలు ఒళ్లోకి తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటే విడదీసి చూసింది.

"మానిపోయింది," అంది.

"అదే కదా నేను ఇందాకట్నించీ మొత్తుకుంటున్నది!" అంది అమ్మ. అని, వెంటనే తల దించుకుంది. కానీ పెదవి చివర కాస్త గర్వం అలాగే మిగిలిపోయింది.

ఇంకో రోజైతే చీమకి నవ్వొచ్చేది.

"అంటే మొన్న నేను నిండు చెరువనుకుని ఎండిపోతున్న గుంటలోంచి నీళ్లు తోడి పోశానన్నమాట బొత్తానికి," అంది వదిన. "నేననుకున్నవి అందులో ఎన్ని ఉన్నాయో, ఏవి ఉన్నాయో ఎవరికి తెలుసు."

"నాకు తెలీదు కదమ్మా. చదువూ సంధ్యా లేనిదాన్ని."

"చదువు మాట కాదత్తయ్యా. నన్నెందుకు లేపలేదు?"

"జాలేసింది."

"నా మీద జాలిపడితే..." వదిన గొంతు లేచి, సగంలోనే దిగిపోయింది. అరవడానికి కూడా నిద్ర చాలని మనిషి. రెండు చేతులతో కళ్లు నులుముకుంది. "మీ ఒక్కరి తప్పే అనను. ఆ రోజు పొద్దున వీణ్ణి నిలబెట్టి, నాలుగు కాళ్లూ చూసి, నోరు చూసి, వారంలో ఏం తిన్నాడని అడిగి అప్పుడు మొదలుపెట్టాల్సింది నేను. బయటి కుక్కయితే అడిగేదాన్నే. మన మేస్త్రే కదా, వీడికేమవుతుంది అనుకున్నా. ఊళ్లో కుక్కలన్నిటికీ డాక్టర్ని. మా ఇంటి కుక్క కుంటుతోందని మాత్రం చూడలేదు."

దీపం కింద చీకటి అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఆ చీకట్లో ముగ్గురూ తలో మెట్టు మీదా కూర్చున్నారు కాసేపు.

"ఇంకో కుక్క?" అంది చీమ.

"ఎక్కడిది? మందులు పడి నెలలు దాటి ఉండాలి. కడుపు ఎప్పుడూ చెడకూడదు. టీకాలు పడి ఉండాలి. మన దగ్గరికి వచ్చేవన్నీ ఏదో ఒక రోగంతో వచ్చేవే కదా చీమా. బాగున్న కుక్కని ఎవరు తీసుకొస్తారు డాక్టరు దగ్గరికి?" వదిన లేచింది. "ముందు దర్జీ గారికి నిజం చెప్పాలి. నేను చెప్తాను."

"నేను చెప్తాను. చేసింది నేను," అంది అమ్మ.

"మీరిద్దరూ..." అంటూ చీమ ఆగిపోయింది. ముందు గేటు కిర్రుమంది.

* * *

దర్జీ బాబాయ్ ఎప్పుడూ ఒకే మాటతో లోపలికి వస్తాడు. ఎంత దిగులులో ఉన్నా ఆ మాట మాత్రం మానడు.

"ఏం తల్లీ, మీ మేస్త్రిగారు ఇవాళ డ్యూటీ చేశారా?"

చీమ బొత్తాన్ని జోలెతో సహా అందుకుంది. కిందటిసారి కంటే తేలిక. అంత తేలికైన దాన్ని చేతుల్లో పెట్టుకుని, వదిన వచ్చి చెబుతుందని, అమ్మ వచ్చి చెబుతుందని ఎదురుచూడటం ఆమె వల్ల కాలేదు.

"బాబాయ్, కిందటిసారి ఎక్కించింది మంచిది కాదు."

అతనికి అర్థం కాలేదు. ఆమె మళ్లీ చెప్పింది. మేస్త్రి కాలు వాచిన సంగతి, అమ్మ మాత్రలు, ఎవరూ ఎవర్నీ లేపని సంగతి. ఒక్క ముక్క దాచలేదు, ఒక్క ముక్క కలపలేదు. చెబుతున్నంతసేపూ బొత్తం చెవి మడత మీదే చూపు నిలిపింది. పూర్తయ్యేసరికి వదినా, అమ్మా తలుపు దగ్గరికి వచ్చి నిలబడి ఉన్నారు.

దర్జీ బాబాయ్ బల్ల మీద కూర్చున్నాడు. టేపు వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు.

"కొలత తీసింది ఒకరు, కత్తిరించింది ఇంకొకరు," అన్నాడు చివరికి. "మా దుకాణంలోనూ ఇంతే జరిగింది. ఒక పెద్దమనిషి కోటుకి ఒక చెయ్యి పొట్టిగా వచ్చింది. నేను కొలత సరిగ్గానే తీశానంటాను. మా అన్న సరిగ్గానే కత్తిరించానంటాడు. ఆ ఒక్క చేతికోసం దుకాణం మధ్యలో గోడ లేచింది. మీరు నయం. జరిగింది జరిగినట్టు చెప్పుకుంటున్నారు."

"మమ్మల్ని నాలుగు మాటలు అనండి, పర్లేదు," అంది వదిన.

"అంటే నా బొత్తం లేస్తుందా డాక్టరమ్మా? లేస్తుందంటే రోజంతా అంటాను."

వదిన బొత్తాన్ని బల్ల మీద పడుకోబెట్టి చూసింది. ఒంట్లో నీరు ఇంకిపోయి, చర్మం పట్టి వదిలితే మెల్లగా గానీ వెనక్కి రావట్లేదు. చీమ అప్పటికే సెలైన్ సీసా తగిలించేసింది.

"ఇవాళంతా ఇక్కడే ఉంచండి. నీళ్లు ఎక్కించి నిలబెడతాను. కానీ నిలబెట్టడమే, నయం చేయడం కాదు. ఇంకో మంచి కుక్క దొరికితే దాన్ని ముందు పరీక్ష చేసి, పురుగులూ గట్రా లేవని చూసుకుని, అప్పుడు మళ్లీ ప్రయత్నిద్దాం. పడుతుందని మాత్రం మాటివ్వలేను."

"అట్లాంటి కుక్క ఎక్కడుంటుంది?"

సెలైన్ బొట్లు పడుతున్నాయి. అప్పుడు అమ్మ, ఇందాకట్నించీ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నదల్లా, కొంగు తీసేసింది.

"మీ అన్నగారి కాజా లేదూ?"

దర్జీ బాబాయ్ ముఖం గోడలా అయిపోయింది. "ఆ ఊసెత్తకు అక్కయ్యా."

కానీ ఊసు లేచిపోయింది. కోటు గొడవకి ముందే, అన్నదమ్ములిద్దరూ ఒకే బల్ల మీద పనిచేసే రోజుల్లో, ఒక కుక్క వాళ్ల కుట్టుమిషను కింద రెండు పిల్లల్ని ఈనింది. ఒకదానికి బొత్తం అని, ఇంకోదానికి ఆ బొత్తం పట్టే రంధ్రం పేరే, కాజా అని పెట్టుకున్నారు. గోడ లేచినప్పుడు కత్తెరలు పంచుకున్నారు, మిషన్లు పంచుకున్నారు, కుక్కపిల్లల్ని కూడా పంచుకున్నారు.

"అది ఎలా ఉంది?" అంది వదిన. "ఒంట్లో బాగుంటుందా?"

"గుర్రంలా ఉంటుంది," అన్నాడు అతను నేలకేసి చూస్తూ. "పొద్దున్నే మా గుమ్మం ముందు నుంచే పోతుంది. వీధి చివరదాకా పరిగెత్తి వస్తుంది. టీకాలు వేయించాడు. ఒక్కనాడు మందు పడ్డట్టు వినలేదు."

"మాటలు లేవన్నారుగా, ఇవన్నీ ఎలా తెలుసు బాబాయ్?" అంది చీమ.

"గోడ దుకాణానికి కట్టాం గానీ వీధికి కట్టలేదు కదా తల్లీ."

"అయితే వెళ్లి అడగండి," అంది అమ్మ.

"ఏమని అడగను?" అతను ఒక్కసారిగా తలెత్తాడు. "ఇన్నేళ్లు ఎదురుపడితే తల తిప్పుకున్నాను. పండగనాడు పలకరించలేదు, జ్వరంతో పడుంటే పలకరించలేదు. ఇవాళ గుమ్మంలో నిలబడి, అన్నయ్యా, నీ కుక్క దొడ్డికి వెళ్తే అది కాస్త నాకు పెట్టు అని అడగమంటావా అక్కయ్యా? ఊరంతా కడుపు పట్టుకుని నవ్వదూ!"

అమ్మకి నవ్వాగలేదు. కొంగు మళ్లీ నోటికి అడ్డం వచ్చింది. వదిన ముఖం అటు తిప్పుకుంది, భుజాలు కదులుతున్నాయి. అతనే చివరికి చిన్నగా, ఏడుపులాంటి నవ్వొకటి నవ్వాడు. వాళ్ల మధ్య వారం రోజులకి అదే మొదటి నవ్వు. అంతలో బల్ల మీద బొత్తం ఒళ్లు ఒకసారి వణికి, కింద పరిచిన గుడ్డ మళ్లీ తడిసింది. నవ్వు ఆగిపోయింది.

అతనే ఆ గుడ్డ తీశాడు. అతనే తుడిచాడు. చేతులు కడుక్కుని, ఖాళీ జోలె అలవాటుగా భుజానికి తగిలించుకున్నాడు.

"నువ్వు కూడా రా తల్లీ. నా నోరు పెగలకపోతే నువ్వు చెబుదువు గాని. ఇవాళ నీకు మాటలు వస్తున్నాయి."

* * *

దర్జీల వీధి దగ్గరే. మూత డబ్బా చేత్తో పట్టుకుని చీమ అతని వెనకాలే నడిచింది. ఆ డబ్బా ఇవాళ ఎంత పెద్దదిగా ఉందో! కొంగులో దాచుకుందామంటే దాగడం లేదు.

ఒకే కప్పు కింద రెండు దుకాణాలు. ఒకటి తెరిచి ఉంది, అది దర్జీ బాబాయ్‌ది. రెండోదాని షట్టరు సగం దించి ఉంది. లోపల మిషను ఆడుతున్న చప్పుడు. దర్జీ బాబాయ్ తన గుమ్మం దాటి రెండో గుమ్మం ముందు ఆగాడు. అక్కడి నేలని కూడా కొత్తగా చూస్తున్నవాడిలా చూశాడు. చెయ్యెత్తి షట్టరు తట్టాడు.

మిషను ఆగింది.

ముందు షట్టరు కింది నుంచి ఒక మూతి వచ్చింది, తర్వాత నిగనిగలాడే నల్లటి ఒళ్లు వచ్చింది. కాజా. బొత్తం బాగున్నప్పుడు అచ్చం ఇలాగే ఉండేదని చీమకి చప్పున తోచింది. కాజా ఇద్దరి చుట్టూ ఒకసారి తిరిగింది. దర్జీ బాబాయ్ భుజం మీది జోలె దగ్గర ఆగి, ముందుకాళ్లు అతని తొడకి ఆనించి లేచి, ఖాళీ జోలెలోకి తల దూర్చింది. లోపల వాసన చూసింది. తల బయటికి తీయకుండా సన్నగా మూలిగింది.

షట్టరు ఇంకాస్త లేచింది. నెరిసిన జుట్టు, చెవి మీద సుద్దముక్క, దర్జీ బాబాయ్ ముఖమే ఇంకో పదేళ్లు అరిగినట్టు. అన్నగారు తమ్ముడి వంక చూడలేదు. ఖాళీ జోలె వంక చూశాడు. చేతిలోని గుడ్డ జారి కింద పడింది.

"పోయిందా?" అన్నాడు.

గోడ లేచాక అన్నదమ్ముల మధ్య నడిచిన మొదటి మాట అదే.

దర్జీ బాబాయ్ లేదని తల అడ్డంగా ఊపాడు. చీమ నోరు తెరిచింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు, నేనే అడుగుతానన్నట్టు.

"లేదన్నయ్యా. పోలేదు. పోకుండా ఉండాలంటే... నీ దగ్గర ఒకటి కావాలి."

అన్నగారి చూపు జోలె మీంచి చీమ ముఖం మీదికి, చీమ ముఖం మీంచి ఆమె చేతిలోని డబ్బా మీదికి వచ్చి ఆగింది. అర్థమైందో లేదో ముఖంలో ఏమీ తెలియలేదు. వంగి, పడిపోయిన గుడ్డ తీసి, దుమ్ము దులిపి, మడత పెట్టాడు.

"ఇస్తాను. ఏదైనా ఇస్తాను," అన్నాడు. "ముందు ఒక్క మాట చెప్పు. ఈ అమ్మాయి సాక్షిగా చెప్పు. ఆ కోటు చెయ్యి పొట్టి కావడం ఎవరి తప్పు?"

దర్జీ బాబాయ్ చెయ్యి మెల్లగా మెడలోని టేపు మీదికి, ఆనాడు కొలత తీసిన టేపు మీదికి వెళ్లింది.